పోవలసిన భయము, ఉండవలసిన భయము

మూలవాక్యము: 1 పేతురు 3:14-16



ఈ వచనములు మనకు క్రొత్తవి కావు. సువార్త కూడికలలో, యౌవనుల కూడికలలో పలుమారు చదివియున్నాము. అయినను వాటిలోనున్న ఒక సంగతిని గమనింపక దాటిపోవుచున్నాము. పదునాలుగవ వచనములో, మనుష్యులు బెదరించినప్పుడు భయపడవద్దని అపొస్తలుడు చెప్పుచున్నాడు. వెంటనే పదునైదవ వచనములో, మన నిరీక్షణను గూర్చి అడిగినవారికి భయముతో ఉత్తరమియ్యవలెనని చెప్పుచున్నాడు. ఒక చేతితో భయమును తీసివేసి, మరియొక చేతితో దానినే తెచ్చి మన చేతిలో పెట్టుచున్నాడా? కాదు. భయములు రెండున్నవి. ఒకటి పోవలెను, ఒకటి ఉండవలెను. "సాక్ష్యము చెప్పుటకు భయమయ్యగారూ" అనువారికి, ధైర్యము తెచ్చుకొనుడి అని మాత్రమే చెప్పి పంపుట సగము బోధయే యగును. రెండు భయములను పోగొట్టుకొని నోరు తెరచినవాడు సువార్తకు మేలుకంటె కీడే ఎక్కువ చేయును.

ఈ మాటలు వ్రాసినవాడెవడో జ్ఞాపకము చేసికొనుడి. చలి రాత్రి ప్రధానయాజకుని ముంగిట బొగ్గుల మంట కాచుకొనుచు, ఒక పనికత్తె అడిగిన ప్రశ్నకు జడిసినవాడే. ఆమె చేతిలో కత్తి లేదు. ఆమెకు అధికారము లేదు. నీవును అతనితో కూడ ఉన్నవాడవు గదా అని అడిగినది, అంతే. గలిలయ యాస అతనిని పట్టియిచ్చినను, ఒట్టు పెట్టుకొని మరీ ఎరుగనని చెప్పెను. కొన్ని వారములు గడచిన తరువాత ఆ నోరే, ఆ కయప యెదుటనే, సభవారందరు కూర్చుండి యుండగా క్రీస్తు నామమును పలికెను. అపొస్తలుల కార్యములు 4వ అధ్యాయము చదువుడి. వీరు చదువులేని పామరులని సభవారు ఆశ్చర్యపడిరి గాని, పేతురు చదువుకొని ధైర్యము తెచ్చుకొన్నాడని అక్కడ లేదు. లేచిన ప్రభువును చూచెను, ఆత్మను పొందెను. కనుకనే అతడు మనకు వ్రాయునప్పుడు, మొదట క్రీస్తును ప్రభువుగా హృదయములో ప్రతిష్ఠించుకొనుడని చెప్పి, తరువాత ఉత్తరమును గూర్చి చెప్పుచున్నాడు. ప్రతిష్ఠ అను మాట మన పల్లెలలో అందరికి తెలిసిన మాటయే. బొడ్రాయిని ఒకచోట ప్రతిష్ఠించిన తరువాత, ఎవడో కసరెనని దానిని పెరికి మరియొక చోట పెట్టరు.

ఇప్పుడు మన భయములను గూర్చి చూతము. మన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు పల్లెలలో ఒక వింత యున్నది. మనము క్రైస్తవులమని ఊరిలో తెలియనివారు లేరు. ఆదివారము తెల్లచీర కట్టుకొని బైబిలు సంచి భుజమున వేసికొని పోవు అమ్మను ఊరంతయు చూచుచునే యున్నది. గుడిగంట మ్రోగుచునే యున్నది. కనుక తెలిసిపోవునన్న భయము మనది కాదు. అడుగుదురన్న భయము మనది. కల్లములో, బోరింగు దగ్గర, బస్సు కొరకు కూర్చున్న చోట ఒక పొరుగామె, "ఏం వదినా, మీ ప్రార్థనల ఏం జెప్తరు? నాకు జెప్పరాదు?" అని అడిగినయెడల మన నాలుక అంగిటికి అంటుకొనును. "ఏముంటది వదినా, ఊకె పోతము" అని చెప్పి వర్షమును గూర్చి, పత్తి ధరను గూర్చి మాట్లాడుదుము. ఆమె ఎగతాళికి అడుగలేదు. బిడ్డకు జ్వరము తగ్గక అడిగినదేమో, భర్త త్రాగుడు పడలేక అడిగినదేమో. మనము తెలిసికొనలేదు.

ఊరిలో బొడ్రాయి పండుగ వచ్చినప్పుడు, జమ్మిచేడు జమ్ములమ్మ జాతరకు బండ్లు కట్టు దినములలో, వినాయక చవితికి పిల్లలు రసీదు పుస్తకముతో ఇంటికి వచ్చినప్పుడు మన విశ్వాసులు చెప్పు మాట వినుడి. "పైసలు లేవు బిడ్డా, రేపు రాండ్రి." రేపు తలుపు వేసికొని పొలమునకు పోవుదురు. ఇది విశ్వాసమును కాపాడుకొనుటయని అనుకొనుచున్నాము. ఇది అబద్ధము. పైగా పిసినారులన్న పేరును క్రీస్తు సంఘమునకు తెచ్చుచున్నాము. అదే పెద్దమనుషులతో ఎదురుగా నిలిచి, "అన్నా, నేను యేసయ్యను నమ్ముకొన్నదానిని, పూజకు ఇయ్యలేను. కోపం జేసుకోవద్దు. ఊరి మోటరు చెడిపోయిందంటిరి గదా, దానికి నా వంతు ఇదిగో" అని చెప్పినయెడల, ఆ మాటలో సాక్ష్యమున్నది, మర్యాద యున్నది. కొందరు కసరుదురు. అయినను ఆ ఇంటివారు ఊరికి శత్రువులని ఎవరును అనలేరు.

ఇవి చిన్న భయములు. వీటికంటె లోతైనది ఒకటున్నది. దానిని గూర్చి ప్రసంగపీఠముల మీద మనము ఎక్కువగా మాట్లాడము.

యోహాను సువార్త 9వ అధ్యాయములో పుట్టుగ్రుడ్డివాని తలిదండ్రులున్నారు. కుమారునికి చూపు వచ్చినది. అంతకంటె సంతోషమేమి కావలెను? కాని పెద్దలు పిలిపించి, వీడెట్లు చూచుచున్నాడని అడిగినప్పుడు, వాడు వయస్సు వచ్చినవాడు, వానినే అడుగుడని తప్పించుకొనిరి. ఎందుకు? క్రీస్తును ఒప్పుకొన్నవానిని సమాజమందిరములోనుండి వెలివేయవలెనని ముందే తీర్మానించియుండిరి. ఆ తలిదండ్రులను పిరికివారని త్రోసివేయుట సులభమే. కాని ఆ కాలములో సమాజమందిరములోనుండి వెలియనగా ఇచ్చిపుచ్చుకొనుట పోవును, పెండ్లి పేరంటము పోవును. బిక్షమెత్తు కొడుకును పెంచుకొన్న బీదవారు వారు. వారికి పోవునది నిజముగా పోవునదే.

మన సంఘములలో అధిక భాగము ఏ వాడలనుండి వచ్చినవారమో మనమెరుగుదుము. 1950లో వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారము హిందూ మతస్థులు గానివారిని షెడ్యూల్డు కులములవారుగా ఎంచరు. 1956లో సిక్కులకును, 1990లో బౌద్ధులకును ఆ తలుపు తెరచిరి గాని క్రైస్తవులకు తెరవలేదు. మన రాష్ట్రములో ఆ కులములనుండి క్రైస్తవులైనవారిని వెనుకబడిన తరగతులలో "సి" వర్గమున చేర్చిరి. దానికున్న వాటా నూటికి ఒకటి. కనుక తహసీల్దారు కచేరిలో బిడ్డ పత్రము కొరకు నిలిచిన తండ్రి గొంతులో ఏమి అడ్డుపడుచున్నదో ఎరిగిన కాపరి కఠినముగా మాట్లాడలేడు. ఏసుప్రభువును నమ్మినందున మాదిగవాని గుడిసె మేడ యగునా? అతని మీద ఊరికున్న చులకన తగ్గునా? విశ్వాసము మారినను వాడ మారలేదే. ఈ ఉత్తర్వు న్యాయము కాదని మన సంఘములు ఎంతో కాలముగా విన్నవించుకొనుచున్నవి. నా అభిప్రాయమును అదియే.

అయినను, ప్రియులారా, ఒక మాట చెప్పవలసియున్నది. కాగితము మీద మొదలైన మౌనము కాగితము మీదనే ఆగదు. కచేరిలో దాచినవాడు బడిలో దాచును, బడిలో దాచినవాడు స్నేహితుల మధ్య దాచును, తుదకు తన బిడ్డలకు చెప్పుటకును జంకును. హైదరాబాదు హాస్టలులో చదువు మన పిల్లలు కొందరు ఆదివారము ఎక్కడికి పోవుచున్నారో తోటివారికి తెలియదు. ఎవరు ఏ గడిలో ఏమి వ్రాయించుకొనవలెనో ఈ పత్రికలో నేను తీర్పు వ్రాయను. అది ప్రతి ఇంటివారు దేవుని యెదుట మోకరించి, సత్యము పలుకువారిగా తేల్చుకొనవలసినది. యోహాను సువార్తలో ఆ కుమారుడు తేల్చుకొనెను. అతనికి వేదాంతము తెలియదు. ప్రభువు ఎవరో కూడ అప్పటికి సరిగా తెలియదు. తెలిసినది ఒక్కటే చెప్పెను, తనకు చూపు వచ్చినదని. వెలివేసిరి. వెలివేసిరని విని యేసు అతనిని వెదకి కనుగొనెనని 35వ వచనములో ఉన్నది. తలిదండ్రులను వెదకెనని లేదు. వారిని విడిచెననియు లేదు. ఆ సంగతి నన్ను ఎంతో కాలముగా ఆలోచింపజేయుచున్నది.

మనకు సువార్త ఏ దారిన వచ్చినదో చూతము. దొరల పేర్లు మనకు కంఠస్థమే. నాగర్‌కర్నూలులో 1920లో బైబిలు పాఠశాల తెరచిరనియు, అది పిమ్మట శంషాబాదుకు పోయెననియు పెద్దలు చెప్పుదురు. 1937లో అమెరికను బాప్తిస్టు మిషనువారు మహబూబునగరము, గద్వాల ప్రాంతములను మెన్నొనైట్ బ్రదరెన్ మిషనువారికి అప్పగించిరనియు చెప్పుదురు. ఆ బాప్తిస్టు మిషను మన దిక్కునకు వచ్చుటకు ముందు ఒంగోలు దిక్కున ఏమి జరిగెనో అది మన ఇంటి కథవంటిదే.

ఒంగోలుకు నలువది మైళ్ల దూరమున తాళ్లకొండపాడు అను పల్లె. అక్కడ ఎర్రగుంట్ల పేరయ్య అను మాదిగ సహోదరుడుండెను. చర్మముల వ్యాపారము చేసికొనుచు ఊరూర తిరిగెడివాడు. దేవుని వెదకుచు యోగసాధనలో గురువుల యొద్ద కాలము గడిపినవాడు. వ్యాపారపు పనిమీద ఏలూరు పోయినప్పుడు అక్కడి మిషనరీ వలన క్రీస్తును గూర్చి వినెను. 1866లో ఒంగోలులో క్లౌ దొరగారి చేత బాప్తిస్మము పొందెను. ఆ దొరగారు ఈ దేశమునకు వచ్చి ఇంకను ఎక్కువ కాలము కాలేదు. భాష పూర్తిగా రాదు. పేరయ్య తన ఊరికి మరలిపోయి తన వారితో చెప్పెను. బంధువులతో, సరకు కొన్న ఇండ్లలో, అమ్మిన ఇండ్లలో చెప్పెను. 1867 జనవరిలో దొరగారు తాళ్లకొండపాటి దగ్గర చింతతోపులో గుడారము వేసికొనినప్పుడు, చుట్టుప్రక్కల పల్లెలనుండి స్త్రీ పురుషులు భోజనము, పడక మూట కట్టుకొని వచ్చి అక్కడే నిలిచి వాక్యము వినిరి. వారిలో 28 మంది బాప్తిస్మము పొందిరి. దొరగారు ప్రసంగించినది నిజమే. కాని ఆ తోపులోనికి వారిని నడిపించినది ఎవరి మాట?

పేరయ్యకు భయపడుటకు కారణములు లేవా? ఊరిలో డప్పు కొట్టుట మాదిగవాని విధి. క్రీస్తును నమ్మినవారు జాతరలో డప్పు కొట్టమనిరి, చచ్చిన గొడ్డు మాంసము తినమనిరి, ఆదివారము పనికి రామనిరి. ఊరి పెద్దలు ఊరకుందురా? ఆ శ్రమలను గూర్చి ఆ కాలపు వ్రాతలలో చదువుచున్నాము. అయినను మాట ఆగలేదు. వారు క్రొత్త మార్గమేదియు కనిపెట్టలేదు. పెండ్లికి పోయినచోట, చావుకు పోయినచోట, సంతకు పోయినచోట చెప్పిరి. బావ బావమరదికి, అత్త కోడలికి చెప్పిరి. చుట్టరికమున్న చోటనెల్ల సువార్తకు దారి యుండెను. మన తాతలు కొందరు నమ్మినదియు అట్లే గదా. మీ ఇంటిలో మొదట నమ్మినవారెవరో, వారికి ఎవరు చెప్పిరో పెద్దవారిని అడిగి తెలిసికొనుడి. తెలియని ముఖము పేరు చెప్పువారు మిక్కిలి కొద్దిమందియే యుందురని నా తలంపు.

ఇక ఉండవలసిన భయమును గూర్చి.

1876 మొదలు 1878 వరకు మన దక్షిణ దేశమును గొప్ప కరవు పట్టెను. క్లౌగారు బకింగ్‌హాము కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకము గుత్తకు తీసికొని, ఆకలితోనున్న వేలమందికి కూలి యిచ్చిరి. బోధకులు పని చూచుకొనుచు, కూలివారు అలసి కూర్చుండినప్పుడు వాక్యము చెప్పిరి. జనులు బాప్తిస్మమియ్యుడని అడుగుట మొదలుపెట్టిరి. సంఖ్యను కోరువానికి అంతకంటె మంచి సమయమేమున్నది? అయినను దొరగారు ఇయ్యలేదు. కూటి కొరకు వచ్చుచున్నారేమో, దేవుని పేరున అన్నమును ఎరగా వేసినట్లగునేమో అని భయపడెను. కరవు తగ్గి సహాయపు పని ముగియువరకు, ఏడాదికి పైగా, బాప్తిస్మములు నిలిపివేసెను. ఇచ్చుటకు డబ్బు లేనప్పుడు కూడ వారు వచ్చిరి. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏటిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. మనము ఆ సంఖ్యను గొప్పగా చెప్పుకొందుము. దాని ముందరి ఆ ఏడాదికి పైబడిన నిరీక్షణను చెప్పుకొనము. పేతురు చెప్పిన భయము అదియే. దేవుని యెదుటను, పొరుగువాని మనస్సాక్షి యెదుటను చెప్పులు విడిచి నిలుచు భయము.

ఈ దినములలో ఆ భయము మరి ఎక్కువగా కావలెను. మతమార్పిడి అను మాట వినగానే ఊర్లలో కండ్లు ఎర్రబారుచున్నవి. కొన్ని రాష్ట్రములలో చట్టములు వచ్చినవి. మన రాజ్యాంగము 25వ అధికరణములో తన మతమును ఒప్పుకొనుటకు, ఆచరించుటకు, ప్రచారము చేయుటకు ప్రతివానికి హక్కు ఇచ్చినది. శాంతిభద్రతలు, నీతి, ఆరోగ్యము అను హద్దులును పెట్టినది. 1977లో స్టానిస్లాసు అను గురువుగారి వ్యాజ్యెములో సుప్రీము కోర్టువారు, చెప్పుటకు హక్కున్నది గాని ఇతరుని మతము మార్చుటకు హక్కు లేదనిరి. ఈ తీర్పును విని మనవారు కొందరు దిగులుపడుదురు. నాకైతే మన పని మనకు గుర్తుచేసినట్లు తోచును. ఒకని హృదయమును మార్చుట మనవలన ఎన్నడైనను అయినదా? అది పరిశుద్ధాత్ముని పని. మనకు అప్పగింపబడినది చెప్పుట మాత్రమే.

కనుక మన బోధకులకును, ఉత్సాహవంతులైన మన యౌవనులకును వినయముగా మనవి చేయుచున్నాను. ఎఫెసులో అల్లరి లేచినప్పుడు ఊరి కరణము లేచి, ఈ మనుష్యులు మన దేవతను దూషించినవారు కారని జనులకు సాక్ష్యము చెప్పెను (అపొ. కార్య. 19:37). పౌలు రెండు సంవత్సరములకు పైగా ఆ ఊరిలో బోధించియు ఆ పేరు నిలుపుకొనెను. మన మైకుల శబ్దము విని మన ఊరి పెద్దలు మనలను గూర్చి ఆ సాక్ష్యమియ్యగలరా? పొరుగువాని దేవుని ఎగతాళి చేయుట ధైర్యము కాదు. రోగి మంచము దగ్గర నిలిచి, నమ్మినయెడలనే బ్రదుకుదువని బెదరించుట సువార్త కాదు. ప్రార్థింపమంటారా అని అడుగుడి. వద్దన్నచో నమస్కరించి, ఒక చెంబు నీళ్లిచ్చి రండి. మరల పోవుటకు దారి మిగులును.

"నాకు చదువు రాదు, ఏమి చెప్పుదును?" అని అడుగు అక్కలున్నారు. గెరాసేనుల దేశములో దయ్యములు విడిచిన మనుష్యుడు ప్రభువు వెంట పోవుటకు వేడుకొనినప్పుడు, ప్రభువు అతనిని దోనె యెక్కనియ్యలేదు. నీ ఇంటికి, నీ వారి యొద్దకు పోయి, ప్రభువు నీకు చేసినది చెప్పుమని పంపెను (మార్కు 5:19). అతనికి బైబిలు పాఠశాల లేదు, ప్రసంగము లేదు. ఒక్క దినపు అనుభవమే యున్నది. నీకు ఏమి జరిగినదో అది నీవే చెప్పవలెను, దానిని నీకంటె బాగుగ చెప్పువారు లేరు. త్రాగుడు మానిన ఇల్లు ఉన్నదా? అది చెప్పుము. బిడ్డను పోగొట్టుకొనియు నిలిచితివా? ఎట్లు నిలిచితివో చెప్పుము. తెలియనిది అడిగినప్పుడు, "నాకు తెల్వదు వదినా, తెలుసుకొని జెప్త" అనుట సిగ్గు కాదు. ఇంతకును పేతురు చెప్పినది అడిగినవారికి ఉత్తరమియ్యుమని గదా. మన బ్రదుకులో అడుగదగినది ఏదైనను కనబడినప్పుడే ఎవరైనను అడుగుదురు. అప్పు తీర్చువాడని, కోడలిని కొట్టనివాడని, కూలి ఎగ్గొట్టనివాడని పేరున్న ఇంటికి ప్రశ్నలు వాటంతట అవే నడచివచ్చును.

ధైర్యము చాలనివారు అపొస్తలులు అడిగినదే అడుగుడి. సభవారు బెదరించి పంపినప్పుడు వారు బెదరింపులు ఆగవలెనని ప్రార్థింపలేదు. బెదరింపులుండగనే వాక్యము ధైర్యముగా చెప్పుటకు కృప ఇయ్యుమని అడిగిరి (అపొ. కార్య. 4:29). ప్రతి ఇంటివారు రెండు పేర్లు వ్రాసికొనుడి. ఒకరు చుట్టము, ఒకరు పొరుగువారు. మూడు మాసములు వారి కొరకు ప్రార్థింపుడి. వారి కష్టమునకు ఒకసారియైనను పోయి నిలువుడి. మాటకు సమయము దేవుడే ఇచ్చును.

సంఘపెద్దలకు ఒక ప్రత్యేక మనవి. పాలమూరు కూలి అను పేరు ఈ దేశములో ఆనకట్టలు కట్టిన చోటనెల్ల వినబడినది. జూరాల నీళ్లు వచ్చినను, కాలువలు పారినను, కోతలైన తరువాత మన సంఘములనుండి బొంబాయికి, పూనాకు, హైదరాబాదుకు పోవు కుటుంబములు ఇంకను ఉన్నవి. కట్టుచున్న మేడల క్రింద రేకుల గుడిసెలలో, మన భాష తెలియని వారి మధ్య వారు ఆరు మాసములుందురు. వారిని సాగనంపు ఆదివారమున ఊరక చేతులెత్తి పంపకుడి. ముందుకు పిలిచి, పేరు పేరున ప్రార్థింపుడి. వారి ఫోను నంబర్లు వ్రాసికొని, నెలకొకసారి సంఘపు పెద్దలలో ఒకరు పలుకరింపుడి. ఆ దినపు వాక్యపఠనముగా రెండవ రాజుల గ్రంథము 5:1-4 చదువుడి. సిరియా సేనాధిపతి ఇంటిలో పనిచేసిన ఆ చిన్నదాని పేరు అక్కడ వ్రాయబడలేదు. చెరపట్టబడి వచ్చినది, యజమానురాలితో ఒక్క మాట చెప్పినది. పిల్లల చేత చదివించినయెడల మరియు మంచిది.